గుఱ్ఱపు నడక, రౌతు చేయి



రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడుకాళ్ళతో నడచునని మనలో ఒక సామెత గలదు. దీనిని పంతుళ్ళ విషయమునను, అధికారుల విషయమునను తఱచుగా వాడుచుందుము. గుఱ్ఱముల విషయమున మాత్రము దీనిని సగమే నమ్మవలెను. మెత్తదనమనగా చేతకానితనమా, చేతి నేర్పా యన్నది తేలవలసియున్నది.

కౌతాళము సీమవారికి గుఱ్ఱము క్రొత్తది గాదు. మన ఆదవాని దుర్గము విజయనగర రాజ్యమునకు ముఖ్యమైన కోటలలో నొకటి. ఆ రాజ్యమునకు మేలైన గుఱ్ఱములు ఓర్ముజు నుండి ఓడలపై వచ్చెడివి. సముద్రముమీద చచ్చిన గుఱ్ఱమునకు సైతము తోక తెచ్చి చూపినచో సాళువ నరసింహరాయలు వెల చెల్లించెడివాడని నూనిజు వ్రాసియున్నాడు. ఆ పోర్చుగీసువాడు తానును గుఱ్ఱముల వర్తకుడే గనుక వెలల సంగతి వానికి బాగుగ తెలిసియుండును. హంపీలోని హజారరామాలయపు ప్రాకారముమీద గుఱ్ఱముల వరుసలను నేటికిని చూడవచ్చును. ఆ కాలమున మనుమంచిభట్టు తెలుగులో హయలక్షణవిలాసమను అశ్వశాస్త్రమునే రచించెను. అంతకు పూర్వమే అమరకోశము ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని గుఱ్ఱపు నడకలైదింటికి పేర్లు పెట్టినది.

ఇక శిక్షణ మాట. నేర్చుకొనువాని చేతికి మొదటనే పగ్గములీయరాదు. గురువు పొడవైన త్రాటితో గుఱ్ఱమును తన చుట్టును వలయముగా త్రిప్పుచుండగా, శిష్యుడు రికాబులు లేకుండ జీనుపై కూర్చుండి నడుము నిలుపుకొన నేర్వవలెను. ఆసనము కుదురనివాడు పడిపోవుదునను భయమున పగ్గములను పట్టుకొని వ్రేలాడును. ఆ బరువంతయు గుఱ్ఱపు నోటిమీద పడును. నాలుకకును, దంతములులేని చిగురుకును ఆనియుండు లోహపు ముక్కయే కళ్ళెము. రౌతు చేయి అక్కడ ఎట్టిదో ఆ మూగజీవికే తెలియును.

మామూలు నడకలో నాలుగు డెక్కలును వేఱువేఱుగ నాలుగు మ్రోతలు చేయును. దుడుకు నడకలో ఎదురుమూలల కాళ్ళు జతగా పడి రెండే మ్రోతలగును. ఇంకను వేగము హెచ్చి దౌడునకు తొలిమెట్టైన నడకలో మూడు వినవచ్చును. చెవితో ఈ లెక్క పట్టగలిగిననాడు శిష్యునికి సగము విద్య వచ్చినట్లే. పిక్కల ఒత్తుడు ముందునకు పొమ్మనును. నడుము ఆగుమనును. చేయి చిట్టచివర మాటాడవలెను. గుఱ్ఱము చెప్పినట్లు చేసిన క్షణముననే ఒత్తుడు సడలవలెను. దానికి ముట్టు బహుమానమదియే.

ప్రదర్శన పోటీలలో డ్రెస్సాజ్ అనునది ఈ విద్యకే పరీక్ష. అరువది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పు గల బరిలో ప్రతి విన్యాసమునకును న్యాయనిర్ణేతలు సున్న మొదలు పది వఱకు గుణములు వేయుదురు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తరువాత అశ్వక్రీడలలో స్వర్ణపతకమునకై మన దేశము 41 ఏండ్లు వేచియుండవలసివచ్చినది. 2023లో హాంగ్‌ఝౌలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వల్లా కలసి డ్రెస్సాజ్ జట్టు పోటీలో దానిని గెలిచిరి. వారు ఐరోపాలో ఏండ్లతరబడి సాధన చేసినవారు.

ఆ విద్యలో నిలిచినచోటనే కాళ్ళు లయగా ఎత్తివేయు విన్యాసమొకటి యున్నది. మన పెండ్లి ఊరేగింపులలో బాజాలకు ఆడు గుఱ్ఱము చేయునదియు పైకి అట్లే కనబడును. కాని అనేకచోట్ల ఆ ఆట వెనుక ముండ్లకళ్ళెమున్నది. నోరు నొచ్చి ముందునకు పోలేక, వెనుకనుండి తఱుముచుండగా నిలువలేక, అది ఎగురును. చూచువారు దానిని నాట్యమనుకొందురు. 1965 నాటి నిబంధనలు ముండ్లకళ్ళెమును నిషేధించినవి. పెండ్లికి గుఱ్ఱమును కుదుర్చుకొనువారు బయానా ఇచ్చుటకు ముందు కళ్ళెమును విప్పించి చూడుడు. నోటి మూలల పుండ్లు, అదేపనిగ కొట్టుకొను తోక, తెల్లగ్రుడ్లు బయటపడు చూపు, ఇవి సంతోషపు గుర్తులు కావు. నున్నని కళ్ళెముతో మెల్లగా నడచు గుఱ్ఱముపై వచ్చిన వరునికి గౌరవము తగ్గదు.

సవారి ముగిసినపిదప రౌతు వెంటనే ఇంటికి పోరాదు. నడుపట్టెడ సడలించి, ఊపిరి నెమ్మదించువఱకు చేత పట్టి నడిపింపవలెను. జీను క్రింద వీపును తడిమి, నాలుగు డెక్కలను ఎత్తి చూచి, ఱాయి యున్న తీసివేసి, ఆ తరువాతనే దాణా పెట్టవలెను.