ఇంటిగోడల చెమ్మ - కారణము కనుగొను విధము
(రైతుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



పంట ఇంటికి చేరినది, ఇక ఫరవాలేదు అనుకొందుము. కాని బస్తాలలో ఉన్నన్నాళ్ళు ఆ పంటకు గోడలే కావలి. గోడపై చెమ్మమచ్చ ఉన్నచో, దానికి ఆనించిన బస్తా ఆ చెమ్మను పీల్చుకొనును. నిలువచేయు ధాన్యములో తేమ 14 శాతమునకును, వరి విత్తనములో 13 శాతమునకును, వేరుశనగ కాయలో 9 శాతమునకును మించకూడదు. కళ్ళములో ఎండబెట్టి ఆ మట్టమునకు దించిన తేమ, చెమ్మగోడ పక్కన తిరిగి ఎక్కుటకు ఒక వానకాలము చాలును. మొలక చెడిన సంగతి నారుమడిలో గాని తెలియదు.

వేరుశనగకు ఇంకొక ముప్పు కలదు. చెమ్మ తగిలిన గింజపై పెరుగు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినవి. మేతలో కలిపిన వేరుశనగ పిండిలోని ఈ విషమే అందుకు కారణమని తరువాత తేలినది.

కనుక గోడమచ్చ వెల్లవేసి కప్పిపుచ్చతగినది కాదు. చాలమంది చేయుచున్నది మాత్రము అదే. పెచ్చులు ఊడగొట్టి సిమెంటు పూయింతురు. ఏడాది తిరుగకమునుపే మచ్చ జానెడు పైకి లేచును. అప్పుడు మేస్త్రీని తిట్టుదురు. పాపము, మేస్త్రీ పూయుమన్నది పూసినాడు. నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదని అతనిని ఎవరును అడుగలేదు.

ఈ విచారణకు యంత్రములు అక్కరలేదు. ఒక బొగ్గుముక్క తీసుకొని మచ్చ అంచు వెంట గీత గీయుడు. పక్కన తేదీ వేయుడు. పదిహేను రోజులకొకసారి మరల గీయుడు. వాన పడినది, కాలువకు నీరు వదలినది, ఎండ కాసినది - ఇవి కూడ ఆ తేదీల ఎదుట వ్రాసుకొనుడు. రెండు మూడు నెలలలో గోడయే తన కథ చెప్పును.

మచ్చ గోడ అడుగునుండి మొదలై, మూడు నాలుగు అడుగుల ఎత్తున వంకరటింకర గీతగా ఆగి, ఆ గీత వెంట తెల్లని పొడి పూసినచో, నీరు నేలనుండి ఎక్కుచున్నది. ప్రమిదలోని వత్తి నూనెను పీల్చినట్లే ఇటుక నీటిని పైకి పీల్చును. నీరు ఆరిపోవుచోట దానిలో కరిగియున్న ఉప్పు మిగిలిపోవును. గోదావరి, కృష్ణా డెల్టా గ్రామములలో దీనిని పట్టుకొనుట సులభము. వాన చినుకు లేకున్నను, కాలువకు నీరు వదలిన కొన్నాళ్ళకు మచ్చ మీరు గీసిన గీతను దాటినచో ఇక సందేహము వలదు. మెట్టప్రాంతములందైతే గోడ బయటివైపు పోయి చూడవలెను. పెంటకుప్ప గోడకు ఆనియున్నదా? అంట్లు తోమిన నీరు అక్కడనే ఇంకుచున్నదా? వీధి మట్టము ఇంటి నేలను మించినదా? సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారియు వీధి ఎత్తగును, ఇల్లు మాత్రము ఉన్నచోటనే ఉండును. తాతలనాటి ఇండ్లు పలుచోట్ల ఇట్లే పల్లములో పడినవి.

మచ్చ పైనుండి దిగుచున్నచో కప్పును అనుమానింపవలెను. వాన పడిన కొన్ని గంటలకే వచ్చి, ఎండ కాసిన నాలుగు రోజులకు ఆరి, గోధుమరంగు వలయము మిగుల్చును. డాబా అయినచో వేపాకు పడి తూము పూడినదేమో, పిట్టగోడ కప్పును కలియుచోట సందు విచ్చినదేమో ముందు చూడుడు. అక్కడ కనబడనిచో వేసవిలో డాబాపై ఒక్కొక్క భాగమున చిన్న మట్టికట్ట వేసి, రెండు అంగుళముల నీరు ఒక రాత్రి నిలిపి చూడవచ్చును. పగులునకు సరిగా క్రిందనే మచ్చ రానక్కరలేదు. నీరు కప్పులో దారి వెదకుకొనుచు ఎంతో దూరము పోయి దిగును. బీటలువారిన పాత డాబాపైన గాని, మట్టిమిద్దెపైన గాని ఈ పరీక్ష చేయరాదు, బరువునకు కూలవచ్చును. మిద్దె మాట వచ్చినది కనుక ఒక ముక్క చెప్పెదను. రాయలసీమలో మిద్దెపై పరచు చవుడు వానకు తడిసి మెత్తబడి రంధ్రములు మూసికొని నీటిని దిగనీయదు. అదే చవుడు గోడ అడుగున చేరినచో గోడను కొరికివేయును.

ఏ ఋతువులోనైనను మార్పులేక తడిగా ఉండు మచ్చకు గొట్టము కారణము కావచ్చును. రాత్రి కుళాయిలన్నియు కట్టి, పైతొట్టిలో నీటిమట్టమునకు గుర్తు పెట్టుడు. తెల్లవారుసరికి మట్టము దిగినచో నీరు ఎక్కడనో కారుచున్నది. కిటికీ క్రింద మచ్చ ఉన్నచో, సజ్జయు, కిటికీ దిమ్మ వాలును చూచిన చాలును.

కారణము ఇంకను తేలనిచో, జానెడు ప్లాస్టిక్ కాగితమును మచ్చపై పరచి నాలుగు అంచులు గాలి దూరకుండ అంటించి రెండు రోజులు ఉంచుడు. గోడవైపు చెమర్చినచో నీరు గోడలోనిది. గదివైపు చెమర్చినచో గదిగాలిలోని ఆవిరి. వడ్లు ఉడకబెట్టు ఇండ్లలోను, గాలి ఆడని వంటయిండ్లలోను ఇది కనబడును. దానికి కిటికీ తెరచుటయే మందు.

రెండువైపులను పొడిగా ఉండి, చుట్టును ఉన్న గోడ మాత్రము తడిసినచో? ఒక రైతు ఇంటి నడిమిగదిలో నేను చూచిన గోడ అట్టిది. నడివైశాఖము, వాన లేదు, బావి కూడ అడుగంటినది. అయినను గోడ తెల్లవారుజామున తడిసి, మధ్యాహ్నమునకు ఆరును. మబ్బు పట్టిన రోజున ఆరనే ఆరదు. ఆయన అంతకుముందే కప్పు మరమ్మతునకు ఒక పంట డబ్బు పోసియున్నాడు. గోడపై తెల్లని పొడిని దులిపి పళ్ళెములో పోసి, మబ్బురోజున చూరు క్రింద ఉంచితిమి. సాయంత్రమునకు అది నీరైనది. గోడ అవతల ఏమున్నదని అడుగగా, వెనుక చాల ఏండ్లు పశువుల కొట్టమనియు, ఇప్పుడు యూరియా బస్తాలు వేయుచున్నామనియు చెప్పినారు.

పశువుల మూత్రములోని నత్రజని చేనిలో వలెనే ఇక్కడను నైట్రేటుగా మారి గోడకు ఎక్కును. పూర్వము బీహారు గ్రామములలో పశువుల తావుల మన్ను కడిగియే సూరేకారము తీసెడివారు. ఇట్టి ఉప్పు గాలినుండియే నీరు లాగుకొనును. 30 డిగ్రీల వేడిమిలో, గాలితేమ సుమారు 73 శాతము దాటినచో యూరియా చెమర్చును. కాల్షియం నైట్రేటునకు 47 శాతమే చాలును. అనగా ఆ గోడకు నీరు పోయువారు ఎవరును అక్కరలేదు.

దానికి చేసిన పని ఇది. మచ్చకు అడుగెత్తు పైవరకు పూత అంతయు ఇటుక కనబడునట్లు చెక్కి, ఆ చెత్తను గోడమొదట పడవేయక దూరముగా పారబోసితిమి. పొడి కుంచెతో దులిపితిమి. కడిగినచో ఉప్పు కరిగి తిరిగి లోనికే పోవును. వేసవి అంతయు గోడను అట్లే వదలి, తరువాత సున్నము, ఇసుక కలిపి పూయించితిమి. యూరియా వేరొక కొట్టమున చెక్కలపైకి చేరినది. ఇట్టి గోడలకు పూత రెండవసారి తీయవలసి రావచ్చును.

నేలచెమ్మకు ముందు చేయవలసినది చౌకపని. బయటి మన్నును ఇంటి నేలకంటె ఒక జానెడైన దిగువకు తీసి, నీరు గోడకు ఎడముగా పోవునట్లు వాలు చేయవలెను. క్రొత్త ఇల్లు కట్టువారు నేలమట్టమును చుట్టును ఉన్న భూమికంటె అడుగున్నరకు తగ్గకుండ లేపి, గోడ వెడల్పంతటను ఒకటిన్నర అంగుళముల మందమున 1:2:4 కాంక్రీటు, దానిపై తారు వేయించవలెను. మట్టిగోడలకు మాత్రము సిమెంటు పూయరాదు. లోని నీరు బయటికి రాలేక గోడమొదలు నానిపోవును. అట్టి గోడలు వానలలో నిద్రించువారిపై పడిన సంగతులు మీరు ఎరుగనివి కావు.

కారణములు రెండు ఉన్నను, మరమ్మతులు ఒకదాని తరువాత ఒకటి చేయుడు. మూడు మందులు కలిపి చల్లినచో పురుగు దేనికి చచ్చినదో తెలియనట్లే ఇదియు.

గోడ ఆరువరకు బస్తాలను చెక్కలపై, గోడకు మూరెడు ఎడముగా వేయుడు. గాలి ఆడుటకే కాదు, బొగ్గుగీతను దీపము పట్టి చూచుటకును ఆ సందు కావలెను.