నేను ఏ రకం మనిషిని?
(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించారు. ఆయన పేరున జరిగే ఉపన్యాసం విద్యార్థులకు పనికొచ్చేదిగా ఉండాలని స్మారక నిధి నెలకొల్పినవారి కోరిక. అందుకని యువతీయువకుల నోట ఈమధ్య తరచు వినిపిస్తున్న ప్రశ్ననే తీసుకున్నాను. ఉద్యోగంలో చేరగానే శిక్షణలో భాగంగా కొన్నిచోట్ల ఒక ప్రశ్నావళి ఇస్తారు. పూర్తి చేస్తే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఒకరు ఐఎన్ఎఫ్‌పీ, మరొకరు ఈఎస్‌టీజే. కొత్తగా పరిచయమైనవాళ్లు గోత్రం చెప్పుకున్నట్టు ఆ అక్షరాలు చెప్పుకుంటున్నారు. అవి నిజంగా తమవేనా అన్న అనుమానం వస్తే, "నీలోకి నువ్వు చూసుకో, తెలుస్తుంది" అన్న సలహా సిద్ధంగా ఉంటుంది.

ఆ సలహాను పరీక్షించడమే నా పని. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మన గురించి మనసును అడిగితే అభిప్రాయం చెబుతుంది, నడవడిని అడిగితే సాక్ష్యం చెబుతుంది. ఆత్మపరిశీలన అన్న పేరుతో మనం ఎక్కువగా చేస్తున్నది మొదటిది. రకం తెలియాలంటే చేయవలసింది రెండోది.

1. పదహారు రకాలు, రెండు చోట్ల

మనుషులను రకాలుగా విడదీయడం పాశ్చాత్యులు మొదలుపెట్టిన పని కాదు. చరకసంహిత శారీరస్థానం నాలుగో అధ్యాయంలో మనస్సును బట్టి మనుషులను విభజించారు. సాత్త్వికులు ఏడు రకాలు, రాజసులు ఆరు, తామసులు మూడు. బ్రాహ్మం, ఆర్షం, ఐంద్రం, గాంధర్వం వంటివి మొదటి వర్గంలో, ఆసురం, రాక్షసం, సార్పం వంటివి రెండో వర్గంలో, పాశవం, మాత్స్యం, వానస్పత్యం మూడో వర్గంలో వస్తాయి. మొత్తం పదహారు. ఇప్పటి ప్రశ్నావళి చెప్పే రకాలూ పదహారే. ఇది కాకతాళీయం, ఇందులో రహస్యమేమీ లేదు. గమనించవలసిన విషయాలు వేరే రెండున్నాయి.

మొదటిది, ఈ పదహారూ చెప్పబోయే ముందే చరకుడు, నిజానికి ఒక్కొక్క వర్గంలోని భేదాలు లెక్కకు అందనివని అంటాడు. పదహారన్నది వైద్యుడి సౌకర్యం కోసం పెట్టుకున్న హద్దు. రెండోది, ఆ రకాన్ని గుర్తించవలసినవాడు రోగి కాదు, వైద్యుడు. అదే గ్రంథం విమానస్థానంలో చెప్పిన పది పరీక్షల్లో ప్రకృతి ఒకటి, సత్త్వం ఒకటి. కోపం ఎలా వస్తుంది, ఎంతసేపుంటుంది, తిండి మీద ఆశ ఎంత, పంచుకునే గుణం ఉందా, భయపడితే ఏం చేస్తాడు, ఇలాంటి బయటికి కనిపించే గుర్తుల మీదే వర్ణనలన్నీ నడుస్తాయి. భగవద్గీత పదిహేడో అధ్యాయంలోనూ దారి ఇదే. ఎవరిది ఏ గుణమో తెలియడానికి వారికి ఏ తిండి ఇష్టమో, దానం ఎలా చేస్తారో చూడమన్నారు.

2. యూంగ్ అడిగిన ప్రశ్న

ఇప్పటి నాలుగక్షరాల మూలపురుషుడు స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యూంగ్. 1913లో ఫ్రాయిడ్‌తో తెగతెంపులయ్యాక చాలా ఏళ్లు ఆయనను ఒక ప్రశ్న వేధించింది. ఒకే రోగిని చూసి ఫ్రాయిడ్ ఒక కారణం చెబుతాడు, మరో మనోవైద్యుడు ఆడ్లర్ ఇంకొక కారణం చెబుతాడు. ఇద్దరూ తెలివైనవాళ్లే. మరి తేడా రోగిలో ఉందా, చూసేవాడిలో ఉందా? 1921లో వచ్చిన 'మానసిక రకాలు' అన్న పెద్ద గ్రంథం ఈ ప్రశ్నకు జవాబు. ఒకరి మనశ్శక్తి బయటి వస్తువుల వైపు, మనుషుల వైపు ప్రవహిస్తుంది, వారు బహిర్ముఖులు. మరొకరిది లోపలికి మళ్లుతుంది, వారు అంతర్ముఖులు. దీనికి ఆలోచన, అనుభూతి, ఇంద్రియ సంవేదన, అంతఃస్ఫురణ అన్న నాలుగు మనోవ్యాపారాలను జోడిస్తే ఎనిమిది రకాలవుతాయి.

ఇక్కడ రెండు సంగతులు మరుగున పడ్డాయి. యూంగ్ దృష్టిలో అంతర్ముఖి అంటే సిగ్గరి కాదు, మితభాషి కాదు. అనుభవాన్ని తూచేటప్పుడు త్రాసు లోపల పెట్టుకునేవాడు. సభలో గలగలా మాట్లాడేవారిలోనూ అంతర్ముఖులుంటారు. ఇక రెండోది, సొంత మూర్తిమత్వం విషయంలో మనిషి తీర్పు సాధారణంగా మసకబారి ఉంటుందని ఆ గ్రంథం మొదట్లోనే యూంగ్ హెచ్చరించాడు. తర్వాత 1934లో ఒక ముందుమాటలో, మనుషులకు చీటీలు అంటించడానికి తన పుస్తకాన్ని వాడడం పిల్లల ఆటలాంటిదని విసుక్కున్నాడు.

యూంగ్ మన దేశానికీ వచ్చాడు. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన భారత సైన్సు కాంగ్రెసు రజతోత్సవానికి ఆహ్వానం మీద వచ్చి, మద్రాసు వరకు వెళ్లినా తిరువణ్ణామలైలో రమణ మహర్షిని మాత్రం కలవలేదు. ఆ ఇద్దరి ప్రశ్నలనూ పక్కపక్కన పెడితే మన విషయం స్పష్టమవుతుంది. రమణుల ప్రశ్న "నేనెవరు?" దానికి జవాబు వెతికేవాడు శరీరం, మనసు, స్వభావం అన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు పెట్టాలి. "నేను ఏ రకం?" అన్నవాడు ఆ పక్కకు పెట్టినవాటినే లెక్కపెట్టుకోవాలి. మొదటిదానికి కళ్లు మూసుకుని కూర్చోవడం పనికిరావచ్చు. రెండోదానికి కళ్లు తెరిచే ఉంచుకోవాలి. మన యువత రెండో ప్రశ్నకు జవాబును మొదటి ప్రశ్న దారిలో వెతుకుతోంది.

3. తల్లీ కూతుళ్ల సూచిక

యూంగ్ గ్రంథం 1923లో ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికాలో కాథరిన్ కుక్ బ్రిగ్స్ అప్పటికే జీవితచరిత్రలు చదివి తనకంటూ ఒక విభజన తయారు చేసుకుంటున్నారు. యూంగ్‌ను చదివాక ఆయననే అనుసరించారు. ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో దీన్ని ప్రశ్నావళిగా మార్చే పని మొదలుపెట్టారు. ఎవరికి ఏ పని నప్పుతుందో తెలిస్తే మనుషుల మధ్య గొడవలు తగ్గుతాయన్నది ఆమె ఆశ. ఆమె మనస్తత్వశాస్త్రంలో పట్టా పొందినవారు కారు, ఒక డిటెక్టివ్ నవలతో పేరు తెచ్చుకున్న రచయిత్రి. యూంగ్ విభజనలోని మూడు జంటలకు (అంతర్ముఖ-బహిర్ముఖ, ఆలోచన-అనుభూతి, సంవేదన-స్ఫురణ) నాలుగో జంటను చేర్చడంతో ఎనిమిది పదహారయ్యాయి. 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ ఆ ప్రశ్నావళిని ప్రచురించింది.

ఆమె దానికి పరీక్ష అని పేరు పెట్టలేదు, సూచిక అన్నారు. పద్ధతి ప్రకారం చేస్తే అక్షరాలు రావడంతో పని పూర్తి కాదు. ఆ రకం వర్ణన చదివి, తనకు సరిపోయిందో లేదో మనిషే తేల్చుకోవాలి. అంటే చివరి తీర్పు మనదే. కాబట్టి ఆ తీర్పరి ఎంత నమ్మదగినవాడన్నదే అసలు ప్రశ్న.

సూచిక మీద విమర్శలు చిన్నవి కావు. అయిదు వారాల తర్వాత మళ్లీ రాయిస్తే సగం మంది దాకా వేరే రకంలో తేలుతున్నారని అధ్యయనాలు చెప్పాయి. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మనుషుల మార్కులు రెండు కొసల దగ్గర గుంపులుగా చేరవు, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. ఆ మధ్యలో గీత గీసి ఇటువాళ్లు అంతర్ముఖులు, అటువాళ్లు బహిర్ముఖులు అంటే, గీత పక్కనున్నవాడు ఒక్క జవాబు మార్చినా పక్క రకంలో పడతాడు. అందుకే పరిశోధకులు ఇప్పుడు రకాలకన్నా మోతాదులను నమ్ముతున్నారు. అయిదు గుణాల నమూనాలో బహిర్ముఖత్వం, సౌమ్యత, బాధ్యతాయుత ప్రవర్తన, ఉద్వేగ అస్థిరత, కొత్తదనం పట్ల సుముఖత ఒక్కొక్కటీ ఎవరిలో ఎంత అని కొలుస్తారు. చరకుడు అసంఖ్యాకం అనడానికి చెప్పిన కారణాల్లోనూ ఈ మోతాదుల తేడా ఒకటి.

4. మనసు చెప్పే సాక్ష్యం

డీఎస్సీకి చదివినవారికి, మనసులో జరిగేదాన్ని మనిషి తానే గమనించి చెప్పే అంతఃపరిశీలన పద్ధతి గుర్తుండే ఉంటుంది. 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల స్థాపించి ఆ పద్ధతిని వాడినవాడు వుంట్, 1913లో ఆ పద్ధతినే తోసిపుచ్చినవాడు వాట్సన్. ఆ తగాదా పాతదే. తర్వాత వచ్చిన ప్రయోగాలు మాత్రం మన ప్రశ్నకు సూటిగా తగులుతాయి.

1949లో బెర్ట్రమ్ ఫోరర్ అన్న అధ్యాపకుడు ఒక ప్రయోగం ప్రచురించాడు. 39 మంది విద్యార్థుల చేత పరీక్ష రాయించి, ఒక్కొక్కరికి వారి మూర్తిమత్వ వర్ణన అని ఒక కాగితం ఇచ్చాడు. అది నీకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. "చదివితే అచ్చం నా గురించే రాసినట్టుంది" అన్న అనుభూతి రుజువు కాదని దీన్నిబట్టి తేలుతోంది.

1977లో నిస్బెట్, విల్సన్ అన్న ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. వరసగా పెట్టిన నాలుగు జతల నైలాన్ మేజోళ్లలో నాణ్యమైనది ఎంచమని కొనుగోలుదారులను అడిగారు. నాలుగూ ఒక్కటే. కుడి కొసన ఉన్నదాన్ని ఎక్కువమంది ఎంచారు. ఎందుకని అడిగితే నేత బాగుందని, మెత్తగా ఉందని చెప్పారే గాని, అది ఉన్న చోటు వల్ల అని ఎవరూ అనలేదు. వాళ్లు అబద్ధమాడలేదు. కారణం తెలియనప్పుడు మనసు నమ్మదగిన కారణాన్ని కల్పించి అందిస్తుంది, అది కల్పన అని మనకు తెలియనివ్వదు. విల్సనే తర్వాత మరికొందరితో కలిసి, పోస్టర్లను ఎంచుకునేముందు కొందరు విద్యార్థుల చేత ఇష్టానికి కారణాలు రాయించాడు. కొన్ని వారాల తర్వాత చూస్తే, కారణాలు వెతుక్కున్నవారే తమ ఎంపికతో తక్కువ తృప్తిగా ఉన్నారు.

అలాగని మన గురించి మనకేమీ తెలియదని కాదు. సిమీన్ వజీర్ 2010లో ప్రచురించిన పరిశోధన ఇందులో వాటాలు పంచింది. లోపలి ఆందోళన, బెరుకు వంటివి ఇతరులకన్నా మనకే బాగా తెలుసు. తెలివి, సృజన వంటి విషయాల్లో మన అంచనాకన్నా స్నేహితుల అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది. మాటకారితనం అందరికీ ఒకేలా కనిపిస్తుంది. గొప్ప, తక్కువ అన్న తూకం ఎక్కడ వస్తుందో అక్కడ మన చూపు వంకరపోతుంది.

5. చూసుకునే పద్ధతి

అయితే చేయవలసిందేమిటి? "నేనెందుకిలా ఉన్నాను?" అన్న ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టండి. ఎందుకు అని అడిగితే మనసు కథ అల్లుతుంది. "ఏం చేశాను?" అని అడగండి, రాసుకోండి. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సుగుణాల పట్టిక గీసుకుని, తప్పిన ప్రతిసారీ నల్లచుక్క పెట్టుకున్నాడు. తాననుకున్నదానికన్నా తనలో లోపాలు చాలా ఎక్కువని చూసి ఆశ్చర్యపోయాడు. వస్తువులనూ పనులనూ ఒక క్రమంలో పెట్టుకోవడం తనకు అన్నిటికన్నా కష్టమని తెలిసింది. ఈ సంగతులు ఆలోచన చెప్పలేదు, చుక్కలు చెప్పాయి.

మన అవసరానికి సుగుణాలు అక్కర్లేదు. పెళ్లికి వెళ్లొచ్చిన సాయంత్రం ఒళ్లు తేలికగా ఉందా, తలుపేసుకుని పడుకోవాలనిపించిందా? సెలవు పూట ఎవరూ పిలవకపోతే ఏ పని చేతిలోకి తీసుకున్నారు? ఏ పని రోజూ రేపటికి పడుతోంది? గొడవ వచ్చినప్పుడు ముందు న్యాయం వెతికారా, ఎదుటివాళ్ల మొహం చూశారా? ఇలాంటివి తేదీ వేసి, వ్యాఖ్యానం లేకుండా రాయండి. కొన్ని నెలలయ్యాక చదివితే మీకు తెలియని మనిషి ఒకరు అందులో కనిపిస్తారు.

రెండో పని, అడగడం. ఇంట్లో ఒకరిని, పనిచేసేచోట ఒకరిని, చిన్నప్పటి స్నేహితుల్లో ఒకరిని అడగండి. "నేనెలాంటివాణ్ణి?" అంటే మొహమాటపడి మంచిమాట చెబుతారు. "నాకు ఏ పని అప్పగించడానికి వెనకాడతావు?" అని అడిగితే నిజం వస్తుంది. మూడో పని, ముందే రాసిపెట్టుకోవడం. రాబోయే ప్రయాణంలో, పరీక్షలో, ఇంటర్వ్యూలో నేనెలా ప్రవర్తిస్తానో కాగితం మీద పెట్టి, తర్వాత సరిచూసుకోవాలి. అంచనాలు ఎక్కడ మళ్లీమళ్లీ తప్పుతున్నాయో అక్కడ మీ అభిప్రాయానికీ మీకూ మధ్య దూరముంది.

6. తెలిశాక

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. సామెతలో సగం నిజముంది. తోటివారితో పోల్చినప్పుడు మన స్థానం చాలావరకు అలాగే ఉంటుంది. కానీ 92 సమూహాల మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశీలనలను 2006లో ఒకచోట చేర్చి చూస్తే, వయసుతో పాటు బాధ్యత, ఉద్వేగ స్థిరత్వం పెరుగుతున్నట్టు తేలింది. ఇరవయ్యేళ్లప్పుడు వచ్చిన అక్షరాలను నలభైలో కూడా మోయనక్కర్లేదు.

ఆ అక్షరాలను సాకుగా వాడడం ఇంకా ప్రమాదం. "నేను అంతర్ముఖిని, ఫోన్లు చేయలేను", "నేను ఆలోచనా రకం, ఓదార్చడం నా వల్ల కాదు" అనడం వింటున్నాం. సూచికను నడిపేవాళ్లే దాన్ని ఉద్యోగుల ఎంపికకు వాడకూడదంటారు. అలాంటిది మనంతట మనమే కొన్ని పనులకు అనర్హులమని రాసిచ్చుకోవడం ఏం న్యాయం?

యూంగ్ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దీనికి పూర్తిగా ఎదురుదిక్కున ఉంది. మనిషిలో ఒక మనోవ్యాపారం బాగా పదునెక్కితే దాని ఎదుటిది పసితనంలోనే మిగిలిపోతుందని ఆయన అన్నాడు. నడివయసులో మనల్ని ఇబ్బంది పెట్టేదీ, ఎదిగేందుకు చోటిచ్చేదీ అదే. కాబట్టి రకం తెలుసుకోవడం వల్ల ముఖ్యమైన ప్రయోజనం, నాకు ఏది వచ్చునో తెలియడం కన్నా ఏది నేర్చుకోకుండా తప్పించుకు తిరిగానో తెలియడం.

విద్యార్థులకు చివరగా ఒక మనవి. మీ నాలుగక్షరాలను తీర్పుగా తీసుకోకండి, అనుమానంగా తీసుకోండి. దాన్ని రుజువు చేసే సంఘటనలతో పాటు కొట్టిపారేసే సంఘటనలను కూడా రాసుకోండి. రెండో జాబితా పొడవైతే అక్షరాలు మార్చండి. మొదటిది పొడవైతే, మీ రకానికి ఎదురుగా ఉన్న పని ఒకటి ఎంచుకుని ఈ ఏడాది నేర్చుకోండి. మాస్టారి శాస్త్రాన్ని పరీక్ష హాలు దాటించి బతుకులోకి తీసుకెళ్లడమంటే ఇదేనని నా నమ్మకం.