బొటనవేలు మళ్లీ వంగాలంటే

కొత్తగా పట్టా అందుకున్న యువ వైద్యుల్లో ఎవరో ఒకరు రేపు క్యాజువాలిటీలో ఉండగా, బోండాం కొడుతుంటే కత్తి జారి బొటనవేలు తెగిన మనిషి వస్తాడు. గాయం అంగుళం కూడా ఉండదు. రెండు కుట్లు వేసి పంపేద్దామనిపిస్తుంది. కానీ గోటి దగ్గరి కణుపు వంచమంటే వంగదు.

ఆ కణుపును వంచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ఒక్కటే: ఫ్లెక్సర్ పాలిసిస్ లాంగస్. అది తెగితే దాని పని అందుకునే మరొకటి లేదు. పైగా ముంజేతి కండరం లాగేయడంతో తెగిన టెండన్ పైకొస ఒక్కోసారి మణికట్టు దాకా వెళ్లిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి అక్కడ ఇంకో కోత పెట్టాల్సి రావచ్చు.

ఒకప్పుడు, వేళ్లలో టెండన్ జారే తొడుగు లోపల తెగిన టెండన్‌ను వెంటనే కుట్టొద్దని అమెరికా సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ చెప్పారు. కుడితే అతుక్కుపోయి వేలు బిగుసుకుపోయేది. ఆ చోటుకు ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అని పేరు పెట్టారు. 1967లో అమెరికాలోని లూయీవిల్ నుంచి సర్జన్ హెరాల్డ్ క్లైనర్ట్ బృందం వెంటనే కుట్టి, రబ్బరు బ్యాండు సాయంతో తొందరగా కదిలించి సాధించిన ఫలితాలు చూపితే చాలామంది నమ్మలేదు. వెంటనే కుట్టి, తొందరగా కదిలించడమే నేటి దారి.

ఇంకో భయమూ అలాగే పోయింది. వేలికిచ్చే మత్తుమందులో అడ్రినలిన్ కలిపితే రక్తం అందక వేలు చచ్చిపోతుందని పాఠ్యపుస్తకాలు తరతరాలుగా హెచ్చరించాయి. కెనడాకు చెందిన సర్జన్ డొనాల్డ్ లలాండ్, సహచరులు 2005లో వేళ్లలో, చేతిలో అడ్రినలిన్ ఇచ్చిన 3,110 కేసుల లెక్క ప్రచురించారు. ఒక్క వేలూ పోలేదు. పాత ప్రమాదాలకు అసలు దోషి, నిల్వలో ఆమ్లంగా మారిన ప్రొకేన్ అనే పాత మత్తుమందు అని తర్వాత తేలింది.

దీని ఫలితం ఆపరేషన్ బల్ల మీద కనిపిస్తుంది. చేతికి మాత్రమే మత్తు, అడ్రినలిన్ రక్తస్రావం తగ్గిస్తుంది కాబట్టి టూర్నికే (చేతికి బిగించే పట్టీ) లేదు, రోగి మెలకువగా ఉంటాడు. కుట్టు పూర్తయ్యాక సర్జన్ “వేలు వంచండి, చాచండి” అంటాడు. రోగి వంచుతాడు. రెండు కొసల మధ్య సన్నని సందు తెరుచుకుంటే, చర్మం మూయకముందే కుట్టు మళ్లీ బిగిస్తాడు. మత్తులో నిద్రపోయే రోగి దగ్గర ఈ పరీక్షకు వీలే లేదు.

ఆ తర్వాత భారం ఫిజియోథెరపిస్టుదే. అసలు కదల్చకపోతే టెండన్ చుట్టుపక్కలకు అతుక్కుపోతుంది. తొందరపడి బరువెత్తితే తెగుతుంది. దాదాపు ఆరు వారాలు స్ప్లింట్, బరువు పనికి పన్నెండు వారాలు. రోజుకూలీకి ఇది చాలా ఎక్కువ కాలం. అందుకే ఏ వ్యాయామం ఎలా చేయాలో, ఏ పని చేయకూడదో బల్ల మీద ఉండగానే అతడికి, తర్వాత ఇంట్లోవాళ్లకు కూడా వారి మాటల్లోనే చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి.