వెనకబడేవాళ్లే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన స్కౌటు మాస్టారు గుట్ట ఎక్కించేటప్పుడు ఒకటే మాట అనేవారు: “వెనకబడేవాణ్ణి ముందు నడిపించండిరా.” అది నాకు అర్థం కావడానికి 30 ఏళ్లు పైనే పట్టింది.

2019 వేసవిలో నేనూ నా భార్యా అబ్బాయీ కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో డేరా వేసుకుని రెండు రాత్రులున్నాం. 1902లో ఏర్పడిన ఆ పార్కు ఆ రాష్ట్రంలోని స్టేట్ పార్కులన్నిటిలోకెల్లా పాతది. మూడు వందల అడుగులు దాటిన చెట్లున్నాయి. రెండో రోజు బెర్రీ క్రీక్ జలపాతానికి నడిచాం. పోనూ రానూ సుమారు 10 మైళ్లు. గంటకు రెండు మైళ్లని లెక్క వేశాను. తిరుగుదారిలో ఎక్కుడుందన్నది ఈ ఇంజనీరు లెక్కలోకి రాలేదు.

పొద్దు వాలింది. నేనూ అబ్బాయీ ముందు, మోకాలి నొప్పితో ఆమె వెనక. ఒక మలుపులో తిరిగి చూస్తే ఆమె లేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. పిలిస్తే జవాబు లేదు. ఇద్దరం వెనక్కి పరిగెత్తాం. అర మైలు దూరాన దుంగ మీద కూర్చుని ఉంది. “మీరు ఒక్కసారైనా వెనక్కి చూస్తారేమోనని చూశాను” అంది.

మాస్టారి మాట అప్పుడు గుర్తొచ్చింది. ఉన్న ఒక్క టార్చీ ఆమె చేతికిచ్చి వెనకే నడిచాం. డేరా చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

ఇవాళ ఇక్కడ మాట్లాడినవాళ్లమంతా చురుగ్గా నడిచి వెళ్లినవాళ్లమే. పదో తరగతితో చదువు ఆగిన మన మిత్రులు చివరి వరసలో కూర్చున్నారు. వచ్చే సమావేశంలో మొదట మాట్లాడవలసింది వాళ్లు.