పోచారము చెరువు గట్టున ఒక పగలు

మా వృత్తిలో నిశ్శబ్దము ఒక దోషము. ప్రసారము సాగుచుండగా అరనిమిషము ధ్వని ఆగినచో, అందులకు కారణమేమో వ్రాతమూలకముగ విన్నవించుకొనవలసి యుండును. ఇరువది యేండ్లు ఇట్టి కొలువు చేసిన పిదప, సందడి లేని చోట ఒక్క పగలు గడపవలెనను కోరిక మా నలుగురు మిత్రులకు కలుగుటలో వింత యేమున్నది?

విశ్రాంతి యనగానే మనకు కొండలు జ్ఞప్తికి వచ్చును. 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్సిలీ దొర మదనపల్లె చెంత కొండపై ఇల్లు కట్టుకొనెను; నేడు ఆ కొండకు ఆయన పేరే స్థిరపడినది. మూసీనది పుట్టిన అనంతగిరి హైదరాబాదు వారికి మరింత చేరువ. అయితే సెలవుదినములలో ఆ కొండలెక్కువారు తాము విడిచి వచ్చిన పట్టణమునే అక్కడ మరల చూచుచున్నారు. మోటారు బండ్ల కూతలు, పాటల హోరు, చెట్లక్రింద కాగితపు పళ్ళెములు! అందువలన మేము కొండవిడిదిని మాని, కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలోని పోచారము అడవిలో నడువ నిశ్చయించుకొంటిమి. అక్కడ ఎత్తయిన శిఖరములు లేవు. గుట్టలు, టేకు చెట్లు, ఒక జలాశయము, అంతే.

అది 2025 ఆగస్టు వరదల తరువాత వచ్చిన మార్గశిరము. రైలున కామారెడ్డి చేరి, అచటి నుండి బస్సులో ఎల్లారెడ్డి దారి పట్టితిమి. నడుమ లింగంపేటలో దిగి, నాగన్న బావి యను దిగుడుబావిని చూచితిమి. చిరకాలము పాడుపడియుండిన ఆ బావిని ఇటీవలి సంవత్సరములలో పునరుద్ధరించిరి. మెట్లు దిగినకొలది ఎండయు, బాటమీది రొదయు పైననే నిలిచిపోయినవి. మేము కోరి వచ్చిన నిశ్శబ్దము మొదట అక్కడనే మాకు ఎదురుపడినది.

ఎల్లారెడ్డి నుండి మెదకు పోవు మార్గమున పోచారము కలదు. మంజీరకు ఉపనదియైన ఆలేరు వాగునకు అడ్డముగ, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1916 నుండి 1922 వరకు ఈ ఆనకట్టను కట్టిరి. దీనిక్రింద 10,000 ఎకరములకు పైగా భూమి సాగగుచున్నది. చెరువు నిండి అలుగు పారిన నీరు మంజీరను చేరి, 1931లో పూర్తియైన నిజాంసాగరమునకు పోవును. చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాము వేటకై ప్రత్యేకించిన భూమి. అట్లు ప్రత్యేకించుటచేతనే అది గొడ్డలి పాలుగాక మిగిలినది. 1952లో దానిని వన్యప్రాణుల అభయారణ్యముగ ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. వేటకై కాచిన అడవి నేడు వేటాడబడు ప్రాణులకు శరణ మగుట చరిత్రలోని ఒక విచిత్రము.

అటవీశాఖ వారి అనుమతి పొంది ప్రాతఃకాలముననే నడక సాగించితిమి. ఆకురాల్చుటకు సిద్ధమగుచున్న టేకు, మోదుగ, తునికి చెట్ల నడుమ కాలిబాట. మొదటి గంట మా మాటలే మాకు వినబడినవి. రెండవ గంటకు మాటలు తగ్గినవి. అప్పుడు గాని మాకు ఒక సంగతి బోధపడలేదు: మేము నిశ్శబ్దమని తలచినది నిశ్శబ్దమే కాదు. ఎండిన ఆకుపై ఏదో చిన్న ప్రాణి పరుగు, దూరమున నెమలి కేక, గాలికి టేకాకులు ఒకదానినొకటి ఒరసికొను చప్పుడు! ఇన్ని ధ్వనులను మా రొద ఇన్నాళ్ళు కప్పివేసినది.

చెట్లు పలుచబడిన చోట నీరు కనబడెను. అలుగు చూడవచ్చువారు చేరు ఆనకట్ట అచటికి దూరము. ఇవతలి ఒడ్డున మేము తప్ప మనుష్యులు లేరు. మన కవులు వియోగమునకు ప్రతీకగ వర్ణించిన చక్రవాకములు జంటలుగ తేలియాడుచుండెను. తలపై నల్లని గీతలు గల పెద్దబాతులు గుంపుగ వాలియుండెను. అవి హిమాలయముల కావలి నుండి ఎగిరి వచ్చి, చలికాలము మన చెరువులలో గడపి పోవునవి. వాని దారి ముందు మా నడక యెంత!

మధ్యాహ్నము కట్టవైపు మరలితిమి. అచట కాలువ నీరు చూడవచ్చిన వృద్ధకృషీవలు డొకడు మమ్ము పలుకరించెను.

“యాడికెల్లి వస్తున్నరు సారూ? ఎండల గింత దూరం నడిసొస్తిరి, ఏం సూస్తందుకు?”

“ఈ నీటిని చూచుటకే వచ్చితిమి, పెద్దయ్యా! ఇక్కడ ఎంతో ప్రశాంతముగ నున్నది” అంటిమి.

అతడు నవ్వెను. “మీకు గిది సూసే జాగ సారూ. మాకు బువ్వ పెట్టే కట్ట. మొన్న వానకాలం ఒక రాత్రి మా ఊర్లల్ల ఎవ్వరం కన్ను మూయలే. కట్ట ఉంటదో పోతదో అని” అనెను.

2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదకు జిల్లాలలో కురిసిన కుంభవృష్టికి ఈ జలాశయమునకు మహాప్రవాహము వచ్చినది. కట్ట పక్కన నేల కోసికొనిపోయినది. దిగువ గ్రామముల ప్రజలు ప్రాణములరచేత పెట్టుకొనిరి. కాని నూరేండ్లు దాటిన ఆ రాతికట్టడము నిలిచినది. ఆ ముసలివాని మాట విన్నంతనే, మేము ఉదయము నుండి అనుభవించిన ప్రశాంతత ఊరక దొరికినది కాదని తెలిసికొంటిమి. రాయి మోసిన కూలీలు, కట్టను కాచు ఉద్యోగులు, రాత్రులు మేలుకొన్న రైతులు, వీరందరు దానికి మూల్యము చెల్లించినవారు.

తిరుగుదారిలో మాలో ఒక వాదము కలిగెను. ఈ చోటును గూర్చి రేడియోలో చెప్పవచ్చునా? చెప్పినచో పదిమంది వచ్చెదరు, వారి వెనుక నూరుగురు. అప్పుడిది మరియొక కొండవిడిది యగును. చెప్పకున్నచో? “తెలిసిన చోటును జనము పాడుచేయుదురు” అని ఒక మిత్రుడనెను. “తెలియని చోటు పాడైనను అడుగువాడుండడు” అని మరియొకడనెను. నాగన్న బావి పూడియున్నన్నాళ్ళు దానిని గూర్చి ఎవరు విచారించిరి? తెలిసికొన్న తరువాతనే గదా దానికి మరల రూపు వచ్చినది!

రెండవ మాటయే మాకు న్యాయమని తోచినది. అందువలననే ఈ ప్రసంగము. కాని ఒక విన్నపము. పోచారము పోవువారు కొద్దిమందిగ పొండు. అడవిలోనికి అనుమతితోనే అడుగిడుడు. తీసికొనిపోయిన ప్రతి వస్తువును మరల ఇంటికి తెండు. పక్షులకు ఎడముగ నిలువుడు. ఆ కట్ట మీద ఆధారపడి బ్రదుకువారితో నాలుగు మాటలాడుడు. పాటల పెట్టె మాత్రము వలదు. రేడియో కొలువువారమే ఇట్లు చెప్పుట చూచి మీరు నవ్వుకొనవచ్చును. అయినను ఆ ఒక్క పగటికి మా గొంతును సైతము ఇంటిలో విడిచి పొండు. తిరిగి వచ్చిన తరువాత, మీ అనుమతితో, సాయంకాలపు కార్యక్రమములో మరల కలిసికొందము.