రహదారిపై టైరు ప్రేలినప్పుడు ఊరివారి కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన రాష్ట్రమున ఇచ్ఛాపురము మొదలు తడ వరకు సాగు 16వ నంబరు జాతీయ రహదారియు, మచిలీపట్టణమునుండి విజయవాడ మీదుగా హైదరాబాదునకు పోవు 65వ నంబరు రహదారియు, కర్నూలు, అనంతపురముల గుండ బెంగుళూరునకు పోవు 44వ నంబరు రహదారియు మీరెల్లరు ఎరిగినవే. ఇవి పట్టణములను కలుపుటకు వేసిన దారులే అయినను, వాని ప్రక్కన నివసించువారిలో పల్లెవారు పెక్కుమంది. ఈ దారులవలన మన పంటకు అంగడి దగ్గరైనది. రోగికి ఆసుపత్రి దగ్గరైనది. దానితోపాటు ఒక బాధ్యతయు మన గుమ్మము ముందుకు వచ్చినది. పరుగెత్తుచున్న బండికి టైరు ప్రేలినప్పుడు ఏమి చేయవలెనన్నది ఆ బాధ్యతలో ఒక భాగము. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

టైరు ప్రేలుట కేవలము తలరాతవలన జరుగునది కాదు. దానికి కారణములు కలవు. వానిలో పెక్కు మన చేతిలోనివే. గాలి తక్కువగానున్న టైరు తిరిగిన ప్రతి చుట్టునకు దాని ప్రక్కగోడలు నలుగుచుండును. నలిగినకొలది వేడెక్కును. వేడెక్కినకొలది లోపలి దారములకును రబ్బరునకును గల పట్టు సడలును. మీద అధికభారము, క్రింద వేసవి ఎండకు కాగిన రోడ్డు, ఎడతెగని వేగము, ఈ మూడును కూడినచో టైరు ఒక్కసారిగా చీలిపోవును. ఎండకాలమున గాలి కొంత తగ్గించి నడుపుట మేలని కొందరి నమ్మకము. అది సరి కాదు. గాలి తగ్గినచో వేడి పెరుగునే గాని తగ్గదు. బండి తయారుచేసినవారు చెప్పిన కొలత ప్రకారము, ప్రొద్దుట బండి కదలకముందు, టైరు చల్లగానున్నప్పుడే గాలి చూపించుకొనవలెను.

టైరు వయస్సును కూడ చూడవలెను. దాని ప్రక్కన నాలుగు అంకెలు ముద్రింపబడియుండును. మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును తెలుపును. 2321 అని యున్నచో 2021వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు 1.6 మిల్లీమీటర్లకంటె అరిగిన కారు టైరు వాడుకకు పనికిరాదు. గోడకు ఉబ్బు గాని చీలిక గాని కనిపించినచో అది నేడో రేపో మోసగించుననియే తలపవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక్కొక్కప్పుడు మేకు గ్రుచ్చుకొనవచ్చును, టైరు ప్రేలవచ్చును. అప్పుడు డ్రైవరు మొదట చేయగూడని పని ఒకటి కలదు. గాబరాపడి బ్రేకుపై గట్టిగా కాలు వేయరాదు. అట్లు వేసినచో బండి ఒక ప్రక్కకు లాగుకొనిపోయి తిరుగబడు ప్రమాదము కలదు. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, బండిని తిన్నగా నిలుపుచు, ఆక్సిలరేటరు మీదనుండి కాలు మెల్లగా తీయవలెను. వేగము దానంతట అది తగ్గిన పిమ్మట సూచన దీపము వేసి, వెనుక వచ్చువారిని చూచుకొనుచు, ఎడమ అంచునకు చేరవలెను. కుడివైపు డివైడరు ప్రక్కన ఆపుట ప్రాణాంతకము. చక్రపు రింగు పాడగునను చింతతో నడిరోడ్డున ఆగరాదు. రింగు మరల కొనవచ్చును.

సోదరులారా, బండి ఆగినంతమాత్రమున ఆపద తీరినదని తలపరాదు. పెక్కు సందర్భములలో అసలు ఆపద అప్పుడే మొదలగును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు సాగును. ఎదుట ఆగియున్న లారీని చూచి, బ్రేకు వేసి, పూర్తిగా నిలుచుటకు పొడి రోడ్డుమీద సైతము దానికి 75, 80 మీటర్లు కావలెను. బరువెత్తిన లారీకి ఇంకను ఎక్కువ కావలెను. వెనుక పది అడుగుల దూరమున ఒక కొమ్మ పడవేసి ఊరకున్నచో లాభమేమి? ఆ కొమ్మ కనిపించులోపలనే బండి మీద పడును.

కావున నాలుగు మూలల దీపములును ఒకేసారి మెరయునట్లు వేయవలెను. అందరును ఎడమ ప్రక్కనుండి దిగి, ఇనుప కంచె యున్నచో దానికి ఆవల, లేనిచో రోడ్డునకు దూరముగా నిలువవలెను. ఆగిన బండికి ముందు నిలుచుట మంచిది కాదు; వెనుకనుండి వచ్చినది గ్రుద్దినచో ఆ బండియే తమ మీదికి వచ్చును. ఎర్రని హెచ్చరిక త్రికోణమును వెనుక కనీసము 50 మీటర్లకు తగ్గకుండ, వీలైనచో 100 మీటర్ల దూరమున నిలుపవలెను. దానిని నిలుపబోవువారు అంచు వెంట నడువవలెనే గాని వరుసలోనికి అడుగుపెట్టరాదు. రోడ్డువైపు చక్రమును అచ్చటనే మార్చుకొనుటకు కూర్చుండుట కంటె సహాయమునకు ఫోను చేయుట మేలు. జాతీయ రహదారులపై సహాయమునకు 1033 నంబరు కలదు. గస్తీ బండి, క్రేను, అంబులెన్సు దానిద్వారా వచ్చును. పోలీసులకు 112, వైద్యసహాయమునకు 108.

ఇక పంచాయతీ చేయదగిన పనులను మనవి చేయుదుము. రహదారి భూమి పంచాయతీది కాదు. ఐనను అచ్చట ఆపద కలిగినప్పుడు అందరికంటె ముందు చేరువారు మన ఊరివారే. ఆ సంగతి మరువరాదు.

మొదటిది రాళ్ల సంగతి. లారీ ఆగినప్పుడు క్లీనరు పెద్ద రాళ్లను తెచ్చి వెనుక పేర్చును. చక్రముల క్రింద పెట్టును. టైరు మార్చుకొని లారీ వెళ్లిపోవును. రాళ్లు మాత్రము రోడ్డుమీదనే యుండును. ఆ రాత్రి పొలమునుండియో, రెండవ ఆట సినిమానుండియో మోటారు సైకిలుపై వచ్చు మన పిల్లవానికి అవి కనిపించవు. ఒకరి ప్రాణమును కాపాడుటకు పెట్టిన రాయి మరియొకరి ప్రాణమును తీయుచున్నది. కావున బండి కదలకముందే రాళ్లను తీయించుట, తీయకుండ పోయినచో 1033కు తెలుపుట ఊరి నియమము కావలెను. ప్రేలిన టైరు ముక్కలు పడియున్నను అట్లే తెలుపవలెను. వానిని ఏరుటకు పిల్లలు రోడ్డుమీదికి పోరాదు.

రెండవది గుంపు. బండి ఆగినదని విన్నంతనే చూచుటకు పరుగెత్తుట, సరకు పడినచో ఏరుకొనుట మనకు తగినవి కావు. అట్లు గుమిగూడినవారిపైకి మరియొక బండి వచ్చినచో ఒక్క బండి ఆపద ఊరంతటి దుఃఖమగును.

మూడవది పంక్చరు దుకాణములు, టీ కొట్లు. ఇవి రహదారి అంచుననే యున్నచో లారీలు వరుసలోనే ఆగును. పంచాయతీ స్థలమున చోటు చూపునప్పుడు సర్వీసు రోడ్డు ప్రక్కన, బండి పూర్తిగా లోపలికి వచ్చి నిలుచునట్లు చూపవలెను.

నాలుగవది మన ట్రాక్టర్లు. వరికోతల కాలమున, చెరకు తోలకపు కాలమున ట్రాలీకి టైరు పోయినచో, దానిని అచ్చటనే వదలి చీకటిలో ఇంటికి వచ్చుట కలదు. ప్రమాదకరమైన స్థితిలో బండిని దారిపై వదలుటను మోటారు వాహనముల చట్టము 122వ సెక్షను నిషేధించుచున్నది. ప్రతి ట్రాలీ వెనుక, మనము రేడియం స్టిక్కర్లని పిలుచు ఎర్రని పట్టీలు అంటించియుండవలెను. వాని ఖర్చు స్వల్పము.

ఐదవది గుర్తు. సహాయమునకు ఫోను చేసినవానిని "ఎక్కడ?" అని అడిగినప్పుడు "మా ఊరి దగ్గర" అని చెప్పినచో చాలదు. మన ఊరి ఎదుటనున్న కిలోమీటరు రాళ్ల అంకెలను పంచాయతీ కార్యాలయపు గోడమీద, బస్సు ఆగు చోటున, పై మూడు ఫోను నంబర్లతో కూడ పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఏ ప్రక్క వరుసయో కూడ చెప్పవలెనని నేర్పుడు. నాలుగు వరుసల దారిలో ఆవలి ప్రక్కకు బండి రావలెనన్న ఎంతో దూరము తిరుగవలసియుండును.

కడపటిది భయము. గాయపడినవానిని ముట్టుకొన్నచో కేసులో ఇరుక్కొందుమని మనవారిలో చాలకాలముగా ఒక వెరపు కలదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పువలనను, 2019 సవరణతో మోటారు వాహనముల చట్టమున చేరిన 134-ఎ సెక్షనువలనను, సద్బుద్ధితో సహాయము చేసినవానికి రక్షణ కలిగినది. ఆసుపత్రిలో తన పేరు చెప్పుమని వానిని బలవంతపెట్టరాదు. ఈ ఒక్క విషయమును దండోరా వేయించి చెప్పినను ఎన్నో ప్రాణములు నిలుచును.

ఇల్లు కాలునప్పుడు నూయి త్రవ్వబోవుట మనకు పరిపాటి కాగూడదు. వచ్చు గ్రామసభలో ఈ విషయములను చర్చించి తీర్మానము చేయుడు. రాళ్లు తీయించుట ఎవరి వంతు, గోడమీద అంకెలు వ్రాయించుట ఎవరి వంతు, ట్రాలీలకు పట్టీలు అంటింపించుట ఎవరి వంతు, పేరు పేరున నిర్ణయింపుడు. వానికి పెద్ద నిధులు అక్కరలేదు. దారిన పోవువాడు ఏ ఊరివాడో మనకు తెలియకపోవచ్చును. వానికొరకు ఎదురుచూచుచున్న ఇల్లు మాత్రము ఎక్కడనో కలదు. వానిని ఆ ఇంటికి క్షేమముగా పంపుట మన ఊరికి గౌరవమని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.