సుడిదోమకూ డార్విన్ పాఠానికీ సంబంధం ఏమిటి?

(సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సార్వాలో సుడిదోమ పడితే మందుల కొట్టుకి పరుగెడతాం. మొదటి ఏడాది మందు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొన్నేళ్లకు అదే మందు మోతాదు పెంచి కొట్టినా దోమ చావదు. కల్తీ మందు అనుకుంటాం. కల్తీ ఉన్నమాట నిజమే, దాని మీద మన పోరాటం ఎలాగూ ఉంది. కానీ అసలైన మందుకు కూడా దోమ ఎందుకు చావడం లేదో చెప్పే శాస్త్రం ఒకటుంది. దాని పేరు ప్రకృతి వరణం. చెప్పినవాడు చార్లెస్ డార్విన్.

ఈ శాస్త్రం పుట్టుకలో మనలాంటి వాళ్ల చేయి ఉంది. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో ప్రపంచం తిరిగొచ్చాడు. వచ్చాక పశువులు పెంచేవాళ్లనూ తోటమాలులనూ అడిగి ఎన్నో సంగతులు తెలుసుకున్నాడు. తనే పావురాలు పెంచాడు. మనం మంచి కంకులు ఏరి విత్తనం కట్టుకుంటాం, మంచి ఆబోతును ఎంచుకుంటాం. అది మనిషి చేసే ఎంపిక. మరి అడవిలో, సముద్రంలో ఎంపిక ఎవరిది? 1838లో మాల్థస్ జనాభా వ్యాసం చదివాక ఆయనకు దారి దొరికింది. పుట్టినవన్నీ బతకవు. ఒక్క తల్లి పిల్లలైనా ఒక్కలా ఉండవు. ఆ చోటికి నప్పినవి ఎక్కువగా మిగిలి, ఎక్కువ పిల్లల్ని కంటాయి. తరాలు గడిచేకొద్దీ వాటి లక్షణమే నిలబడుతుంది.

1858లో మలయా దీవుల నుంచి వాలెస్ అనే ఆయన ఇదే ఆలోచన రాసి డార్విన్‌కు పంపాడు. ఆ జూలై 1న లండన్‌లో లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రాతలూ చదివారు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. మరుసటేడు ఆక్స్‌ఫర్డ్ సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్ ఎదిరిస్తే హక్స్‌లీ సమర్థించాడు. 1925లో అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలో ఈ పాఠం చెప్పాడని స్కోప్స్ అనే మాస్టారికి 100 డాలర్ల జరిమానా వేశారు.

ఇక మన చేలోకి వద్దాం. లక్షల దోమల్లో మందును తట్టుకునేవి ఏ కొన్నో ముందే ఉంటాయి. మందు పడితే మిగతావి చచ్చి, అవి మిగిలి గుడ్లు పెడతాయి. ఏ దోమా కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, మందే వాటిని ఏరి పెట్టింది. పైగా దోమను తినే సాలీళ్లు కూడా ఆ మందుకే పోతాయి. విత్తనం సంగతీ అంతే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1973లో దోమను తట్టుకునే ఐఆర్ 26 రకం ఇచ్చింది. కొద్ది ఏళ్లలోనే దాన్ని తినే దోమ పెరిగింది. అందుకే ఒకే మందు వరసగా కొట్టొద్దు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలి. యూరియా తగ్గించి, మధ్యమధ్య నీరు తీసి చేను ఆరబెట్టాలి. చేపల చెరువుల్లో యాంటీబయాటిక్స్ అడ్డగోలుగా వాడినా జరిగేది ఇదే.

ఈ శాస్త్రాన్ని మన మీదికే తిప్పేవాళ్లూ ఉన్నారు. బలవంతుడే బతుకుతాడు, చిన్నరైతు పోక తప్పదు అంటారు. నప్పడం అంటే బలం కాదు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పెద్ద బొచ్చె చేప తేలిపోతుంది, పైకొచ్చి గాలి పీల్చే కొర్రమేను బతుకుతుంది. చిన్నరైతు అప్పులపాలు కావడం ప్రకృతి పని కాదు. గిట్టుబాటు ధర, బ్యాంకు రుణం, కాలవ నీరు ఎవరికి అందాలో మనుషులు చేసిన నిర్ణయం అది. దాన్ని మనుషులే మార్చాలి.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పదితో చదువు ఆపేసే మన పిల్లలకు, ఇంటర్‌లో జీవశాస్త్రం తీసుకోని పిల్లలకు ఈ మాట ఇంకెక్కడ చెబుతారు? రేపు చేలో దిగి మందు డబ్బా పట్టుకునేది వాళ్లే. ఆ పాఠం తిరిగి పెట్టాలని ప్రతి గ్రామ కమిటీ తీర్మానం చేద్దాం. ఊడ్పులకు ముందే రైతు సేవా కేంద్రంలో కూర్చుని, ఈ ఏడు ఏ మందు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో ఊరంతా కలిసి అనుకుందాం.